ఎనిమిది లెక్కపెట్టేలోగా

డాక్టర్ కరీమున్నీసా తండ్రి గులాం మొహమ్మద్‌కి విశాఖపట్నంలో పాత పోస్టాఫీసు దగ్గర కొట్టు ఉండేది. ఓడలకు తాళ్ళూ, టార్పాలిన్లూ అమ్మేవాడు. కొట్టు వెనకే ఇల్లు. ఏ గదిలోకి వెళ్ళినా కొబ్బరిపీచు, తారు కలిసిన వాసన వచ్చేది. ఆ వాసనలోనే కూర్చుని ఆవిడ డాక్టరీ చదివారు.

1975లో హౌస్ సర్జన్‌గా మానసిక వైద్యశాలలో పదిహేను రోజులు పనిచెయ్యాల్సి వచ్చింది. అక్కడ ఆడవాళ్ళ వార్డులో పదమూడేళ్ళ పిల్ల ఒకతె కనిపించింది. పెద్దవాళ్ళ మధ్య, పెద్దవాళ్ళ చీరే చుట్టుకుని, గోడకి ఆనుకుని కూర్చుంది. చేర్చి రెండు నెలలైంది. కేసు షీటు నిండా తండ్రి చెప్పిన మాటలు, మేనమామ చెప్పిన మాటలు ఉన్నాయి. పిల్ల చెప్పింది ఒక్క ముక్క లేదు.

"నిన్నెవరూ ఏమీ అడగలేదా?" అన్నారు ఈవిడ.

"అడగనేదు" అంది ఆ పిల్ల.

తనని పిల్లల మనోవైద్యంలోకి లాగింది ఆ ఒక్క మాటేనని ఆవిడ తర్వాత నాతో చాలాసార్లు అన్నారు. ఇంట్లో మాత్రం ఎవరికీ నచ్చలేదు. "పిల్లలకి పిచ్చేంటి బేటీ? పిల్లలకి జ్వరాలొస్తాయి. జ్వరాల డాక్టరువి అవ్వు" అన్నాడు తండ్రి. తల్లి రషీదా పెళ్ళి మాట ఎత్తింది. ఇద్దరికీ జవాబు చెప్పకుండానే ఆవిడ మనోవైద్యంలో పై చదువు పూర్తిచేసి, 1978లో పిల్లల మనోవైద్యంలో ప్రత్యేక శిక్షణ కోసం బెంగుళూరు వెళ్ళారు.

అక్కడ ఏడాది ఉన్నారు. ముందుగా నేర్పింది నేల మీద కూర్చోవడం. పిల్లల కళ్ళకి మన కళ్ళు పైనుంచి కనపడకూడదన్నారట. ఒక్కొక్క పిల్లకి మూడు గంటలు. ప్రతి శనివారం ఆ వారంలో తను చేసిన పొరపాట్లు తనే అందరి ముందూ చదివి వినిపించాలి. పిల్ల చెడిపోయిందని ఎవరైనా అంటే, ఆ పిల్లకి ఏం జరిగిందో వెతకమని గురువుగారు చెప్పేవారు. నాడీ రోగాల వార్డులో కూడా ఆరు వారాలు పనిచెయ్యాలి. అక్కడ ఇద్దరు పిల్లల్ని చూశారు. మంచాన పడి, కళ్ళు తెరుచుకునే ఉండి, కన్నతల్లిని కూడా గుర్తుపట్టని స్థితి. ఆ జబ్బు పేరు నోటుపుస్తకంలో రాసుకున్నారు. ఆ పిల్లలు మంచాన పడకముందు, బడికి పోతున్న రోజుల్లో, ఎలా ఉండేవారో మాత్రం అడగలేదు.

ఆవిడ తిరిగి వచ్చేసరికి నేను మానసిక వైద్యశాలలో సోషల్ వర్కర్‌గా చేరి మూడేళ్ళయింది. నా పేరు శ్రీరామ్మూర్తి. విరిగిన మంచాలు పడేసిన గదిని ఆవిడే దగ్గరుండి ఖాళీ చేయించి, సున్నం వేయించి, ప్రతి గురువారం పిల్లల క్లినిక్ పెట్టారు. రోగుల ఇళ్ళకీ, బళ్ళకీ వెళ్ళి కనుక్కుని రావడం నా పని. మొదటి ఏడాది గురువారానికి నలుగురైదుగురు కూడా వచ్చేవారు కాదు. వచ్చినవాళ్ళు కూడా ముందు భూతవైద్యుడి దగ్గరికి వెళ్ళి, మెడలో తాయెత్తుతో వచ్చేవారు. ఆవిడ ఎప్పుడూ ఆ తాయెత్తు తీయించలేదు.

1980 జూలైలో మల్కాపురం నుంచి జోగమ్మ అనే ఆవిడ తొమ్మిదేళ్ళ కూతుర్ని తీసుకొచ్చింది. పిల్ల పేరు గౌరీశ్వరి. తండ్రి వరహాలు పోర్టులో ఖలాసీ, ఓడల్లోకి ఇనుపరాయి ఎత్తే చోట పని. పిల్ల నూనె రాసి రెండు జడలు వేసుకుని, శుభ్రంగా, బిత్తర చూపులేమీ లేకుండా ఉంది. ఈ పిల్లకి ఏం జబ్బుంటుందా అనుకున్నాను.

"ఏమైందమ్మా?" అని అడిగాను.

"ఏటయిందో మాకూ తెల్దు బాబూ" అంది జోగమ్మ. "మూడో తరగతిలో పస్టు వొచ్చింది. ఇప్పుడన్నీ సున్నాలే. పలక మీద రాయమంటే బలపం ఇసిరేత్తందంట. పంతులమ్మ ఎదురుగుండా తలూపి ఎక్కిరిత్తందంట. బడికి అంపొద్దన్నారు. ఈళ్ళ నాన్న రెండేసేడు. అయినా మాననేదు."

డాక్టరుగారు పిల్లని లోపలికి తీసుకెళ్ళి, చాప మీద కూర్చోబెట్టి, తనూ కూర్చున్నారు. నేను మూలన రాసుకుంటున్నాను. చెక్క బొమ్మలతో కాసేపు ఆడించాక, ఏదో మామూలు మాటలా అడిగారు.

"బలపం ఎందుకు విసురుతున్నావు గౌరీ?"

"నాను ఇసరనేదు" అంది గౌరి. "అదే ఎల్లిపోతంది."

ఆ మాట డాక్టరుగారు ఉన్నదున్నట్టుగా కేసు షీటులో రాశారు. పిల్ల చెప్పింది పిల్ల మాటల్లోనే రాయాలని ఆవిడ నియమం. రాసి, కింద గీత కూడా గీశారు.

రెండో వారం ఇంకో సంగతి బయటపడింది. ఆ ఏడాది జనవరిలో సుద్దముక్కలు దొంగిలించిందని బళ్ళో గౌరిని కట్టెలు పేర్చే గదిలో పెట్టి, బయట గొళ్ళెం వేసి, మధ్యాహ్నం దాకా తియ్యలేదు. ఆ నెల తర్వాత నుంచే చదువు పోయింది, విసరడం మొదలైంది. లెక్క సరిపోయింది. డాక్టరుగారి ముఖంలో నేనెప్పుడూ చూడని వెలుగు కనిపించింది. చీకటి గదిలో పుట్టిన భయం, ఆ భయంలోంచి వచ్చిన కోపం. చెయ్యి తనది కానట్టు మాట్లాడడం ఆ కోపాన్ని దాచుకోవడమే. బెంగుళూరులో నేర్చుకున్న చదువంతా ఆ ఒక్క పిల్లలో కళ్ళకి కట్టినట్టు కనిపించింది ఆవిడకి.

మేమిద్దరం ఆ బడికి వెళ్ళాం. హెడ్‌మిస్ట్రెస్ సూర్యకాంతమ్మగారు మొదట ఒప్పుకోలేదు. డాక్టరుగారు గొంతు పెంచకుండా అరగంట మాట్లాడారు. చివరికి హెడ్‌మిస్ట్రెస్ గౌరిని దగ్గరికి పిలిచి, "తప్పయిపోయింది తల్లీ, ఇంకెప్పుడూ అలా చెయ్యను" అంది. గౌరి ఆవిడ వైపు చూసి ఫక్కున నవ్వింది. ఎందుకు నవ్విందో మాకు అర్థం కాలేదు. బెరుకు పోయి నవ్విందనుకున్నాం.

తర్వాత తొమ్మిది వారాలు గౌరి గురువారం గురువారం వచ్చింది. బొమ్మలకి గది కట్టడం, తలుపు తియ్యడం, మళ్ళీ వెయ్యడం. మధ్యలో రెండు మూడు వారాలు బాగానే ఉన్నట్టనిపించింది. పలక మీద తన పేరు రాసింది. "నయమైపోతుంది జోగమ్మా. కొట్టకండి, భయపెట్టకండి, అంతే" అన్నారు డాక్టరుగారు. ఆగస్టులో ఆసుపత్రి సమావేశంలో ఈ కేసు చదివారు. సీనియర్ డాక్టరు గురునాథరావుగారు లేచి, మన ఊళ్ళో ఇలాంటి వైద్యం చూడడం ఇదే మొదలని మెచ్చుకున్నారు. బెంగుళూరు గురువుగారికి ఆవిడ నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పోస్టులో వేసింది నేనే.

సెప్టెంబరులో ఒక గురువారం గౌరి రాలేదు. ఆ శనివారం ఉదయం నేను బస్సెక్కి మల్కాపురం వెళ్ళాను. వానకి సందులన్నీ బురదగా ఉన్నాయి. రిఫైనరీ గొట్టం చివర మంట పట్టపగలు కూడా మండుతూనే ఉంది. వరహాలు డ్యూటీకి వెళ్ళాడు. జోగమ్మ పంపు దగ్గరుంది. ఇంట్లో గౌరి, దాని చెల్లెలు ఏడేళ్ళ కాసులమ్మ, ఇద్దరే ఉన్నారు. చెల్లెల్ని అందరూ కాసులు అనేవారు.

నేను గుమ్మంలో నిలబడ్డాను. వాళ్ళు నన్ను చూడలేదు. గౌరి గోడకి ఆనుకుని కుడి చెయ్యి ముందుకి చాచి కూర్చుంది. ఎదురుగా కాసులు బాసింపట్టు వేసుకుని లెక్కపెడుతోంది.

"ఒకటి, రొండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు, ఏడు, ఎనిమిది."

ఎనిమిదికి గౌరి చెయ్యి ఎగిరిపడింది. దాంతోపాటు తల ఒక్కసారి ముందుకి వాలి లేచింది. ఎవరో వెనక నుంచి దారం కట్టి లాగినట్టు. ఇద్దరూ నవ్వుకున్నారు. కాసులు మళ్ళీ మొదలుపెట్టింది. ఎనిమిదికి మళ్ళీ చెయ్యి ఎగిరింది.

"ఏం ఆట ఇది?" అన్నాను.

"ఎనిమిదాట" అంది కాసులు. "అక్కకి ఎప్పుడూ ఎనిమిదికే వొత్తాది. పడుకుంటే రాదు. నాకు ఎంత లెక్కెట్టినా రాదు."

వాచీ తీసి నేను కూడా లెక్కపెట్టాను. పిల్ల తొందరగా లెక్కపెట్టినప్పుడు ఎనిమిది దాటి తొమ్మిదయ్యేది, నెమ్మదిగా పెడితే ఏడు. వాచీలో మాత్రం ప్రతిసారీ అటూ ఇటూగా ఏడెనిమిది సెకన్లే. మొత్తం ఇరవైసార్లు చూశాను. కోపం వచ్చిన పిల్ల అలా వాచీ ప్రకారం విసరదని నాకు కూడా తెలిసింది. జోగమ్మ బిందెతో వచ్చి, "గురువారం బస్సెక్కబోతంటే పడిపోయింది బాబూ, అందుకే తేనేదు" అంది. టీ తాగమంది. వద్దని వచ్చేశాను.

సోమవారం దాకా ఆగలేక నేరుగా పాత పోస్టాఫీసు దగ్గర డాక్టరుగారి ఇంటికే వెళ్ళాను. కొట్టు ముందు బెంచీ మీద కూర్చుని చెప్పాను. అంతా విన్నాక, "ఎన్నిసార్లు చూశారు మూర్తిగారూ?" అన్నారు.

"ఇరవై."

"ప్రతిసారీ అంతేనా?"

"అంతే."

ఆవిడ కొట్టులో వేలాడుతున్న తాళ్ళ వైపు తిరిగారు. మెల్లిగా అన్నారు. "చెప్పింది కదా నాకు. మొదటి రోజే చెప్పింది. అదే ఎల్లిపోతందని. నేను రాసుకున్నాను కూడా."

సోమవారం జోగమ్మని పిల్లతో సహా రప్పించారు. ఈసారి చాప మీద కూర్చోలేదు, బొమ్మలు తియ్యలేదు. నిలబడే అడిగారు.

"చిన్నప్పుడు గౌరికి తట్టు పోసిందా జోగమ్మా?"

"పోసింది. అప్పుడు దానికి రొండేల్లు. ఇద్దరికీ ఒకే వారం పోసింది. కాసులు అప్పటికి ఏడు నెల్ల పిల్ల. ఒకే యాపమండతో ఇద్దరికీ ఇసిరేను." చెప్పి, డాక్టరమ్మ ముఖం చూసి జోగమ్మ ఆగిపోయింది. "ఏడేల్లయింది కదమ్మా. ఇప్పుడెందుకది?"

పెద్దాసుపత్రిలో గౌరి తలకి తీగలు అంటించి మెదడు గీతలు తీయించారు. మిషన్లోంచి కాగితం మెల్లిగా బయటికి వస్తోంది. చిన్న చిన్న అలలు. అంతలో గీతలన్నీ ఒక్కసారిగా పైకి లేచి పడ్డాయి. మళ్ళీ చిన్న అలలు. నేను మనసులో లెక్కపెట్టుకుంటున్నాను. ఎనిమిదికి మళ్ళీ లేచాయి. డాక్టరుగారు ఆ కాగితాన్ని చివరిదాకా చూడలేదు. వెన్నులోంచి నీరు తీసి పరీక్షకి బయటి ఊరు పంపారు. జవాబు రావడానికి నలభై రోజులు పట్టింది. ఆ జవాబులో ఏముంటుందో ఆవిడకి ముందే తెలుసు. బెంగుళూరు వార్డులో నోటుపుస్తకంలో రాసుకున్న పేరే అది.

పరీక్ష జవాబు వచ్చిన రోజు వరహాలు డ్యూటీ దిగి నేరుగా వచ్చాడు. చొక్కా మీద, కనుబొమ్మల మీద ఇనుపరాయి ఎర్రదుమ్ము. కుర్చీ పాడైపోతుందని కూర్చోలేదు. డాక్టరుగారు కూడా లేచి నిలబడ్డారు.

"వరహాలుగారూ, తట్టు తగ్గిపోయినా దాని పురుగు పిల్ల మెదడులో ఉండిపోయింది. ఇన్నేళ్ళూ అణిగి ఉండి ఇప్పుడు లేచింది. ఎవరివల్లా వచ్చింది కాదు. మీరు చేసిన తప్పేమీ లేదు."

"మరి మందేటి డాక్టరమ్మా?"

"చెయ్యి ఎగరడం తగ్గడానికి ఇస్తాను. నిద్ర పట్టడానికి ఇస్తాను. జబ్బుని ఆపే మందు లేదు. ఇక్కడే కాదు, ఎక్కడా లేదు."

"మొన్న నయమైపోద్దన్నారు."

"అన్నాను. తప్పు చెప్పాను. భయం వల్ల వచ్చిందనుకున్నాను. కాదు."

"నాను దాన్ని కొట్టేను" అన్నాడు వరహాలు. "బలపం ఇసిరిందని. అది ఇసరనేదు నాన్నా అని సెప్తానే ఉంది."

"నాకూ చెప్పింది" అన్నారు డాక్టరుగారు.

జోగమ్మ ఏడవలేదు. "ఎన్నాల్లుంటాది?" అని మాత్రం అడిగింది. ఏడాది అనో, ఇంకొంచెం ఎక్కువ అనో చెప్పారు. జోగమ్మ పిల్ల జడ సవరించి, చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. గేటు దాకా వెళ్ళి, పిల్లని వరహాలు దగ్గర వదిలి, ఒక్కతే తిరిగి వచ్చింది.

"ఇద్దరికీ ఒకే వారం పోసింది డాక్టరమ్మా. కాసులికి కూడా వొత్తాదా?"

తట్టు ఎంత చిన్న వయసులో పోస్తే ఈ జబ్బు ప్రమాదం అంత ఎక్కువ. గౌరికి రెండేళ్ళు. కాసులుకి ఏడు నెలలు. ఆ సంగతి ఆవిడకి తెలుసు, ఆ రోజు ఉదయమే పుస్తకం తీసి నాకు చూపించారు. "వేలమందిలో ఒకరికి వస్తుంది జోగమ్మా. ఒకే ఇంట్లో ఇద్దరికి వచ్చినట్టు నేను వినలేదు" అన్నారు. అబద్ధం కాదు. వయసు మాట మాత్రం ఎత్తలేదు. జోగమ్మ ఆవిడ కళ్ళలోకి చూసి, ఇంకేమీ అడగకుండా వెళ్ళిపోయింది.

ఆ నెల ఆసుపత్రి సమావేశంలో ఆవిడ మళ్ళీ గౌరి కేసే చదివారు. ఈసారి ఎక్కడ పొరపాటు పడ్డారో వరసగా చెప్పారు. గురునాథరావుగారు ఇబ్బందిగా కదిలి, "ముందే పట్టుకున్నా చేసేదేముందమ్మా, ఎలాగూ మందు లేదు కదా" అన్నారు.

"తొమ్మిది వారాలు పోయాయి సార్" అన్నారు ఆవిడ. "అప్పటికి పిల్ల ఇంకా మాట్లాడుతోంది. వాళ్ళమ్మకి అసలు సంగతి తెలిసుంటే ఆ తొమ్మిది వారాలూ బడికి పంపి అక్షరాలు దిద్దించేది కాదు. కూర్చోబెట్టుకుని మాటలు వినేది."

అందరూ తర్వాతి కేసుకి వెళ్ళారు.

గౌరి ఏడాదిన్నర బతికింది. ఆదివారాలు డాక్టరుగారు మల్కాపురం వెళ్ళేవారు, చాలాసార్లు నేనూ వెళ్ళేవాణ్ణి. మొదట నడక పోయింది. తర్వాత మింగడం కష్టమైంది. తల ఎంత వంచి గంజి పట్టాలో, ఒళ్ళు పుళ్ళు పడకుండా ఎన్ని గంటలకొకసారి పక్కకి తిప్పాలో జోగమ్మకి ఆవిడే చేసి చూపించారు. మాటలు ఒక్కొక్కటే పోయాయి. అమ్మ అనడం పోయాక కూడా చెల్లెలి పేరు ఇంకో నెల మిగిలింది. ఆఖరి నెలల్లో చెయ్యి ఎగరడం కూడా ఆగిపోయింది. చుట్టుపక్కలవాళ్ళు నెమ్మదించిందన్నారు. ఆగిపోవడమంటే ఏమిటో డాక్టరుగారికి తెలుసు కాబట్టి ఆవిడ తల పక్కకి తిప్పుకున్నారు. 1982 ఫిబ్రవరిలో, పొద్దున్న పది గంటలప్పుడు, జోగమ్మ బట్టలు ఆరేస్తుండగా పోయింది.

పోయాక కూడా ఆ ఇంట్లో భయం తగ్గలేదు. ఒక పిల్ల మీద నుంచి రెండో పిల్ల మీదకి వెళ్ళింది. కాసులు చేతిలోంచి చెంచా జారినా జోగమ్మ బస్సెక్కి తీసుకొచ్చేది. డాక్టరుగారు కూడా వద్దనలేదు. మూడు నెలలకొకసారి చూశారు, ఆర్నెల్లకొకసారి మెదడు గీతలు తీయించారు. కాగితం బయటికి వస్తున్నంతసేపూ ఆవిడ బల్ల అంచు పట్టుకుని నిలబడేవారు. ప్రతిసారీ బాగానే ఉండేది. ఆ బాగుండడం పది పదిహేను రోజులకి మించి ఎవరికీ ధైర్యం ఇచ్చేది కాదు.

1983 అక్టోబరులో జోగమ్మ అపాయింట్‌మెంటు లేకుండా వచ్చింది.

"పంపు కాడ బిందె పడీసింది డాక్టరమ్మా. సేతులు ఒణుకుతన్నాయి. నెల్నుంచీ ఒణుకుతన్నాయి. నాను సెప్పనేదు. సెప్తే నిజమైపోద్దని."

కాసులుకి అప్పటికి పదేళ్ళు. అక్క కంటే పొడుగైంది. డాక్టరుగారు ఎదురుగా కూర్చోబెట్టి రెండు చేతులూ ముందుకి చాచమన్నారు. వేళ్ళ మీద ఒక కాగితం పెట్టారు. కాగితం వణికింది. జోగమ్మ చీర కొంగు నోట్లో కుక్కుకుంది. నేను ఎనిమిది లెక్కపెట్టాను. మళ్ళీ ఎనిమిది. పది నిమిషాల్లో ఎన్నిసార్లు లెక్కపెట్టానో చెప్పలేను. కాగితం వణుకుతూనే ఉంది, కానీ ఎగరలేదు. తల వాలలేదు.

డాక్టరుగారు జోగమ్మని బయట కూర్చోమన్నారు. తలుపు వేశాక, చాలా రోజుల తర్వాత, చాప పరిచి కింద కూర్చున్నారు. కాసులు కూడా కూర్చుంది. రెండు నిమిషాలు గడిచేసరికి ఆ పిల్ల చేతులు ఒళ్ళో నిమ్మళంగా ఉన్నాయి.

"ఇప్పుడు వణకడం లేదే?" అన్నారు.

"అమ్మ సూత్తంటేనే ఒణుకుతాయి."

"అమ్మ ఎప్పుడు చూస్తుంది?"

"ఎప్పుడూ సూత్తాది. నాను అన్నం తింతంటే ఎదురుగుండా కూకుని లెక్కెడతాది. బయటికి అనదు. పెదాలు కదుల్తాయి." కాసులు తలెత్తి డాక్టరుగారిని చూసింది. "మీరూ సూత్తారు."

"బిందె ఎలా పడిపోయింది కాసులూ?"

"పడనేదు. నానే ఒదిలీసేను."

"ఎందుకు?"

"ఒదిల్తే ఏటవుద్దో సూద్దారని. ఎలాగూ అక్కకొచ్చినట్టే నాకూ వొత్తాది కదా. వొచ్చీసిందంటే ఇంక అమ్మ సూడక్కర్నేదు."

ఆ మాట కూడా డాక్టరుగారు కేసు షీటులో ఉన్నదున్నట్టు రాశారు. రాసి, చదువుకుని, చాలాసేపు కలం మూత పెట్టలేదు. ఏడాదిన్నరగా తను చేసిందేమిటో ఆవిడకి ఆ క్షణాన అర్థమైందని నాకు అనిపించింది. జబ్బు రాకముందే ఆ పిల్లని జబ్బుమనిషిని చేసి కూర్చోబెట్టాం, నాతో కలిపి అందరం.

జోగమ్మని లోపలికి పిలిచారు.

"ఇది జబ్బు కాదు. మనిద్దరం దీన్ని చూడడం మానెయ్యాలి జోగమ్మా. ఇంక పరీక్షలు లేవు, గీతలు తీయించడం లేదు. నా దగ్గరికి తీసుకురావద్దు."

"సూడ్డం మానీసేక వొత్తే?"

"వస్తే, మనం చూస్తున్నా వచ్చేదే. చూపుతో ఆపలేం. గౌరి దగ్గర తొమ్మిది వారాలు పోగొట్టాను. దీని దగ్గర ఏడాదిన్నర పోగొట్టాను. ఇంక పోగొట్టను."

"వొయసు సంగతి మీరు నాకు సెప్పనేదు" అంది జోగమ్మ హఠాత్తుగా. "ఏడు నెల్లకే పోసినోల్లకి ఎక్కువంట. పోర్టాసుపత్రి కాంపౌండరు సెప్పేడు."

డాక్టరుగారు తలదించుకున్నారు. "చెప్పలేదు. నాకు ధైర్యం చాల్లేదు."

"ఆ రోజు మీ మొకం సూసే తెలుసుకున్నాను" అంది జోగమ్మ. కోపం లేదు ఆ గొంతులో. కూతురి భుజం మీద చెయ్యి వేసి, "పద, బడి టైమవుతంది" అంది.

మానడం అంత తేలిగ్గా జరగలేదు. మొదటి నెలల్లో నేను ఇంటికి వెళ్ళినప్పుడు, కాసులు కంచం ముందు కూర్చోగానే జోగమ్మ లేచి బయట అరుగు మీదకి వచ్చేసేది. అక్కడ కూర్చుని చేతులు గట్టిగా పట్టుకునేది. డాక్టరుగారి సంగతీ అంతే. గురువారం సాయంత్రం వెళ్ళబోతూ, "మల్కాపురం నుంచి ఏమైనా కబురుందా?" అనేవారు. లేదంటే తలూపి వెళ్ళిపోయేవారు.

1985 తర్వాత పసిపిల్లలకి తట్టు టీకా వెయ్యడం మొదలైంది. అమ్మవారికి కోపం వస్తుందని మల్కాపురంలో చాలామంది తల్లులు వెనక్కి తగ్గారు. డాక్టరుగారికి ఆ పనితో సంబంధం లేదు, అయినా టీకాల రోజు వెళ్ళి కూర్చునేవారు. జోగమ్మ గౌరి ఫోటో పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. "అమ్మోరి కోపం నాను సూసేను. ఇదీ ఆ కోపం" అని ఫోటో చూపించేది.

డాక్టరుగారి దగ్గరికి శిక్షణకి కుర్ర డాక్టర్లు రావడం కూడా ఆ రోజుల్లోనే మొదలైంది. మొదటి రోజు పాఠమేమీ చెప్పేవారు కాదు. గౌరి కేసు షీటు వాళ్ళ చేతికిచ్చి, గీత గీసిన వాక్యం పైకి చదవమనేవారు. ఇది రాసినావిడకి ఏం అర్థమైందో, ఏం అర్థమవ్వలేదో చెప్పమనేవారు. రాసింది తనేనని సాయంత్రం దాకా చెప్పేవారు కాదు. ఒకతను, ఇంత తెలివితక్కువ డాక్టరెవరు మేడమ్ అన్నాడు. ఆవిడ నవ్వలేదు, కోప్పడలేదు. "ఇంకా చదవండి" అన్నారు.

1989 జూన్‌లో కాసులమ్మ ఒక్కతే క్లినిక్‌కి వచ్చింది. పదహారేళ్ళు. పదో తరగతి పాసయ్యానని చెప్పడానికి వచ్చింది. గాజువాకలో ఇంటర్‌లో చేరుతుందట. వరహాలు ఆటోనగర్ షెడ్డులో వాచ్‌మన్‌గా మారాడట. అమ్మ స్వీట్లు పంపిందని పొట్లం బల్ల మీద పెట్టింది. డాక్టరుగారు ఆ పిల్ల ముఖమే చూస్తూ మాట్లాడారు. చేతుల వైపు చూడకూడదని ఎంత కష్టపడుతున్నారో నాకు తెలుస్తూనే ఉంది. కాసులమ్మకి కూడా తెలిసినట్టుంది. వెళ్ళేముందు తనే రెండు చేతులూ ముందుకి చాచి, ఒక్క క్షణం ఉంచి, నవ్వి దించేసింది.

ఆ అమ్మాయి గేటు దాటేదాకా ఆవిడ కిటికీ దగ్గర నిలబడ్డారు.

"ఇంక భయం లేదు కదా మేడమ్?" అన్నాను.

"ఇరవై దాటాక వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు మూర్తిగారూ" అన్నారు. తర్వాత కుర్చీలో కూర్చుని, తర్వాతి పిల్లని పిలవమన్నారు.

నేను ఉద్యోగం మానేసేదాకా మల్కాపురం నుంచి చెడు కబురేమీ రాలేదు. ఆవిడ మాత్రం నన్ను అడగడం మానలేదు.